మూడు కాపీలు, ఒక కుర్చీ

రక్తపరీక్షల ల్యాబు వెనకగదిలో కౌంటరు అమ్మాయి నిలబడి ఉంది. పక్కనే కుర్చీ ఉన్నా ఎవరూ కూర్చోమనలేదు. ల్యాబు డాక్టరు బల్ల మీద ఒక రిపోర్టు పరిచి, దాని మీద వేలితో కొడుతూ మాట్లాడుతున్నాడు.

"పద్దెనిమిది నెలల పసివాడు. వాడికి పద్దెనిమిదేళ్ళ మనిషి లెక్క వేసి ఇచ్చావు. లివరు పాడైందనుకుని వాళ్ళమ్మ ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. ఒక్క గడి చూసి నొక్కడానికి నీకేమైంది?"

"నెలలు అనే నొక్కానండీ."

"నొక్కితే ఇలా ఎందుకొస్తుంది?"

జవాబు చెప్పవలసిన మనిషి గుమ్మం దగ్గర సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది.

ఆమెను ఆఫీసులో చీపురు అంటారు. ల్యాబులకి ప్రోగ్రాములు రాసిచ్చే చిన్న కంపెనీలో ఆమె పని. ఎవరు రాసిన ప్రోగ్రాములోనైనా పనికిరాని వరస కంటపడితే ఊడ్చి పారేసేదాకా నిద్రపట్టదు కాబట్టి ఆ పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత ఎదుటే అన్నారు, ఇప్పుడు ఆవిడే ఫోనెత్తి "చీపురుని మాట్లాడుతున్నా" అంటుంది.

చీపురు రిపోర్టు చేతికి తీసుకుంది. ఎముకలు పెరిగే వయసులో పిల్లల రక్తంలో ఒక ఎంజైము పెద్దవాళ్ళకంటే చాలా ఎక్కువ ఉంటుంది. అది జబ్బు కాదు, ఒట్టి పెరుగుదల. కాని పక్కన పెద్దవాళ్ళ నార్మల్ హద్దులు అచ్చువేస్తే ఆ అంకె ఎర్రగా, లావుగా, కన్నతల్లి గుండె జారిపోయేలా కనబడుతుంది. ఈ కాగితం మీద అలాగే కనబడుతోంది. ఆమె కంప్యూటరు తెరిచి పిల్లవాడి వివరాలు చూసింది. పద్దెనిమిది, పక్కన నెలలు. అంతా సరిగ్గానే ఉంది.

"ఇక్కడ నెలలనే ఉందండీ," అంది.

"ఇప్పుడు ఉంటుంది. గొడవ మొదలయ్యాక దిద్దేసి ఉంటుంది." డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ ప్రోగ్రామే మా మిగతా రెండు బ్రాంచీల్లోనూ ఉంది. అక్కడ ఒక్కసారి కూడా రాలేదు. ఇక్కడే ఎందుకొచ్చింది? ప్రోగ్రాము అదే. తేడా మనిషిలోనే."

కౌంటరు అమ్మాయి తల అడ్డంగా ఊపింది. దిద్దలేదని చెప్పినా నమ్మేవాడెవడు? చీపురుకి మాత్రం తెలుసు. ప్రోగ్రాము అదే కాదు. చూడ్డానికి అదే.

ఈ ల్యాబుకి మొదట ఈ ఒక్క బ్రాంచే ఉండేది. రెండోది తెరిచినప్పుడు తొందరలో ఉన్న ప్రోగ్రామునే మొత్తం కాపీ చేసి, పేరు మార్చి, నాలుగు వరసలు అటూ ఇటూ చేసి ఇచ్చేశారు. మూడోదానికి ఆ రెండోదాన్ని కాపీ చేశారు. తీరిగ్గా కలిపేద్దాం అనుకున్నారు. తీరిక ఇంతవరకూ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. తెర మీద వయసు ఒక చోట లెక్కవుతుంది, అచ్చులో ఇంకో చోట, ఫోనుకి పంపే సందేశంలో మరో చోట. ఆ అచ్చు లెక్కలో నెలల్ని ఏళ్ళుగా చదివే తప్పు చీపురుకి నిరుడే దొరికింది. తాను చూసుకునే రెండు కొత్త కాపీల్లో సరిచేసింది. పాత కాపీ చూసే పెద్దాయనకి, ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే ఆయనకి, టీ తాగుతూ చెప్పింది. ఆయన తలూపాడు. బాబాయ్ తలూపాడంటే విన్నాడని కాదు, అది ఆయన అలవాటు. ఆ సంగతి తెలిసి కూడా తను మళ్ళీ అడగలేదు.

"ఆ అమ్మాయి తప్పు కాదండీ," అంది చీపురు. "మా ప్రోగ్రాము తప్పు."

"ఆ మాట మీ మేనేజరు వచ్చి చెప్పాలి," అన్నాడు డాక్టరు. "అప్పటిదాకా ఈవిడ కౌంటర్లో కూర్చోదు. లోపల సీసాలు కడుగుతుంది."

ఆ అమ్మాయి చున్నీ నడుముకి బిగించి కట్టుకుని లోపలికి వెళ్ళింది. వెళ్తూ చీపురు ముఖంలోకి చూడలేదు. కాసేపటికి కుళాయి చప్పుడు, గాజు మీద గాజు తగిలే చప్పుడు వినబడ్డాయి. చీపురు బయటపడి రోడ్డెక్కినా ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు.

మేనేజరుకి ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ పెన్ను మూత తీసి పెట్టే అలవాటు. చీపురు చెప్పిందంతా విని మూత పెట్టాడు.

"తప్పు మనదని చెప్తాను. చెప్పక తప్పదు. కాని చెప్పగానే వాళ్ళు ఒకటే అడుగుతారు, మళ్ళీ రాదు కదా అని. రాదని నువ్వు చెప్పగలవా?"

"మూడు కాపీలున్నంతకాలం చెప్పలేను. ఒక చోట కట్టు కడితే ఇంకో చోట పుండు అలాగే ఉంటుంది. మూడూ కలిపి ఒకటి చేస్తే చెప్పగలను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"వారం ఇవ్వండి. వేరే పని ఏదీ చెప్పకండి."

"సరే కానీ." మేనేజరు మళ్ళీ మూత తీశాడు. చీపురు తలుపు మీద చెయ్యి వేసింది. "ఒకటైపోతే చూసుకోడానికి ఒకరు చాలు కదా," అన్నాడు వెనకనుంచి, గదిలో లైటు అనవసరంగా వెలుగుతోందన్నంత మామూలుగా.

ఆమె వెనక్కి తిరిగింది. "ఎవరు?"

"ముందు ఒకటి కానీ." ఆయన నవ్వాడు. ఎవరో నీకు తెలియదా అన్నట్టు ఉంది ఆ నవ్వు.

తెలియకేం, అందరికీ తెలుసు. బాబాయ్ రెండు వేళ్ళతో టైపు చేస్తాడు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని దానికోసమే బల్లంతా వెతుకుతాడు. కొత్తగా వచ్చిన ఏ పద్ధతి చూపించినా "బాగుంది, బాగుంది" అని తన పాత కాపీలోకి వెళ్ళిపోతాడు. చీపురు ఈ ఆఫీసులో చేరినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆయనే. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలో సగం ఆమెకు పెట్టి, తిట్టి మరీ నేర్పాడు. ఇప్పుడు తను శుభ్రంగా పనిచేస్తే ఆయన కుర్చీ ఖాళీ అవుతుంది.

బాబాయ్‌కి ఆ మాట దాచకుండా చెప్పేసింది. ఆయన నెత్తి మీది కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ నెత్తినే పెట్టుకున్నాడు.

"ఒహో," అన్నాడు. తన పాత కాపీ తెరుచుకున్నాడు.

ఇంటికొచ్చాక చీపురుకి ఒకచోట నిలకడ లేదు. కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగింది. అల్మారాలో డబ్బాలు దించి మళ్ళీ ఎక్కించింది. అత్తగారు మంచం మీద కూర్చుని అంతా చూస్తోంది.

"కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటే? మావాడు, నీ మొగుడు, షిఫ్టు నించి వచ్చేసరికి ఇల్లు అరిగిపోతుంది. కూర్చో."

కూర్చుంది. చెప్పింది. అత్తగారికి కంప్యూటరు సంగతులు తెలియవు, మనుషుల సంగతులు తెలుసు.

"అంటే నువ్వు పని చేస్తే ఆయనకి పని పోతుంది."

"అవును అత్తయ్యా."

"చెయ్యకపోతే?"

"ఆ అమ్మాయి సీసాలు కడుగుతూ ఉంటుంది. ఇవాళ ఈ అమ్మాయి, రేపు ఇంకో అమ్మాయి."

అత్తగారు కాళ్ళు బార్లా చాపుకుంది. "మీ మామయ్య బతికున్న రోజుల్లో మనింట్లో రెండు గడియారాలుండేవి. ఒకటి ముందు, ఒకటి వెనక. నాకు ఆలస్యమైతే ముందున్న గడియారం చూపించి అరిచేవాడు. ఆయనకి ఆలస్యమైతే వెనకున్నది చూపించేవాడు. ఒకరోజు ఒకటి తీసి అటక మీద పారేశా. మూడ్రోజులు మాట్లాడలేదు మహానుభావుడు."

చీపురు నవ్వింది. నవ్వు ఆగాక మళ్ళీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

మర్నాడు రెండు తెరలు పక్కపక్కన పెట్టుకుని మొదలుపెట్టింది. ముందు దేన్నీ ముట్టుకోలేదు. మూడు బ్రాంచీలూ ఇదివరకు ఇచ్చిన రిపోర్టుల్ని తీసి, ఏ కాపీ ఏం అచ్చువేస్తోందో అలాగే దాచింది. ఇక ఏం మార్చినా, మార్చిన వెంటనే అవన్నీ మళ్ళీ అచ్చువేయించి పాతవాటితో పోల్చి చూస్తుంది. తేడా వచ్చిందంటే తను కొత్తగా చెడగొట్టి ఉండాలి, లేదా పాత తప్పు బయటపడి ఉండాలి. ఏదో తేలేదాకా ముందుకు కదలకూడదు. ఇది ఆమెకు బాబాయ్ నేర్పిన పనే. ఆయన కాగితాలు పరిచి కంటితో చేసేవాడు, ఈమె యంత్రం చేత చేయిస్తుంది.

తర్వాత ఊడ్చడం. వయసు లెక్క మూడు కాపీల్లో కలిపి ఎన్నిచోట్ల ఉందో చూస్తే తల తిరిగింది. అన్నీ అన్నదమ్ముల్లా ఒకే పోలిక, ఒక్కొక్కడికీ ఒక్కో అవకరం. ఒకటి పురిటిబిడ్డల రోజుల్ని పట్టించుకోదు. ఒకటి పుట్టినరోజు నాడు ఒక ఏడు ఎక్కువ వేస్తుంది. ఇంకొకటి సరిగ్గానే ఉంది, కాని దాన్ని ఎవరూ పిలవడం లేదు, పాపం ఊరికే పడి ఉంది. పేర్లు చూస్తే ఇంకా ఘోరం. అన్నీ తాత్కాలికానికని పెట్టినవే, టెంప్, టెంప్ టూ, టెంప్ ఫైనల్, టెంప్ ఫైనల్ నిజంగా. ఆ చివరిది పెట్టినవాడు ఎవడో గాని ఆ రోజు ఏడుస్తూ ఇంటికెళ్ళి ఉంటాడని చీపురు అనుకుంది. అన్నిటినీ తీసేసి వయసు లెక్క ఒక్కచోట రాసింది. దానికి వయసు అనే పేరు పెట్టింది. తెర అయినా, అచ్చు అయినా, సందేశం అయినా ఇక దాన్నే అడగాలి. హద్దులన్నీ ఒక పట్టికలో పెట్టింది. పట్టిక చూస్తే ఏ వయసుకి ఏ హద్దో డాక్టరుకైనా అర్థమవుతుంది.

పని సాగేకొద్దీ చేతులకి హుషారు వచ్చేది. బాబాయ్ దగ్గు వినబడగానే ఆ హుషారు చచ్చేది. ఒక్కో వరస తుడుస్తుంటే ఆయన కూర్చున్న చాపలోంచి ఒక్కో పుల్ల లాగుతున్నట్టుండేది. లేచి నీళ్ళు తాగి వచ్చేది, కూర్చునేది, మళ్ళీ లేచేది. ఆ పూట ఎన్ని నీళ్ళు తాగిందో ఆ సీసాకే తెలియాలి.

మధ్యాహ్నానికి, ఆఫీసులో అందరూ బాబాయ్ ముడి అనే చోటికి వచ్చింది. అది పాత కాపీ నడిమధ్యలో ఉంటుంది. ఇలా ఐతే అలా, అందులో మళ్ళీ ఇలా ఐతే ఇంకోలా, దాని కడుపులో ఇంకొకటి. వరసలు కుడివైపుకి జరిగి జరిగి తెర దాటిపోతాయి, చదవాలంటే పక్కకి లాక్కుంటూ పోవాలి. దాన్ని ముట్టుకున్న వాళ్ళు లేరు. ఏదైనా అందులో ఇరుక్కుంటే బాబాయ్‌ని పిలవాల్సిందే. ఆయన వచ్చి, ఎవరికీ కనబడకుండా భుజం అడ్డుపెట్టి, ఏదో నొక్కి, "అయింది పో" అనేవాడు.

"బాబాయ్, ఇదేంటో చెప్పరూ?"

"దాన్ని వదిలెయ్. నేను చూసుకుంటా."

"వదిలేస్తే మళ్ళీ రెండవుతాయి కదా."

ఆయన కుర్చీ లాక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ముందు ఒక మాట విను తల్లీ. నేను పోతాను, సరే. నువ్వుంటావు. రేపు నీకన్నా చవగ్గా ఇంకెవడో దొరుకుతాడు. అప్పుడు నిన్నూ పొమ్మంటారు. అందుకని నువ్వు కూడా ఒక ముడి ఉంచుకో. నీకు తప్ప ఇంకెవరికీ అర్థం కాకూడదు. పెద్దది అక్కర్లేదు, చిన్నదైనా చాలు."

"అంటే ఇది కావాలనే..."

"మొదట కావాలని కాదు. నిజంగానే చిక్కుపడింది. తర్వాత విప్పగలిగే రోజు వచ్చింది. విప్పలేదు." ఆయన కళ్ళజోడు కిందికి లాగాడు. "ఇవాళ విప్పుతాను. రాసుకో."

తెర మీద వేలు పెట్టి లోపలికి వెళ్ళాడు.

"ఇదేంటి బాబాయ్?"

"ఆ పరీక్ష ఇప్పుడు చెయ్యరు. తీసెయ్."

"ఇది?"

"ఆ యంత్రం అమ్మేశారు. తీసెయ్."

"మరి దీని లోపలున్నది?"

"యంత్రమే లేకపోతే దాని లోపల ఏముంటుంది? తీసెయ్."

"ఇదో?"

బాబాయ్ తెరకి దగ్గరగా వంగాడు. "అది నాకూ తెలీదు. ఇంతవరకూ ఎవరూ అక్కడిదాకా వెళ్ళలేదు."

చీపురు పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు, కళ్ళలో నీళ్ళు వచ్చేలా. తీసేసిన ప్రతిసారీ పాత రిపోర్టులు పోల్చి చూశారు, ఒక్క తేడా రాలేదు. సాయంత్రానికి ఆ ముడి మొత్తం అరపేజీ అయింది. పసిపిల్లలకి ఒక నియమం, గర్భిణులకి ఒకటి, మిగతావాళ్ళకి ఒకటి. అంతే.

"ఇన్నేళ్ళూ దీనికా మేం భయపడింది?" అంది చీపురు.

"మీరు భయపడ్డారు. నేను దాని మీద బతికాను," అన్నాడు బాబాయ్. కుర్చీ తన బల్ల దగ్గరికి లాక్కుపోయాడు. ఆ రోజు తొందరగా ఇంటికి వెళ్ళాడు.

ఆ మాట చీపురుని వదల్లేదు. మర్నాడు బస్సులో దిగవలసిన చోటు దాటిపోయి వెనక్కి నడిచింది. నిజమే కదా. తనది ఏడాది ఏడాదికీ కొత్తగా రాసుకునే కాంట్రాక్టు. రేపు ఎవరో ఒకరు వచ్చి, ఈ శుభ్రమైన ప్రోగ్రాము చదివి, ఇదేముంది అంటే? ఆఫీసుకి వెళ్ళగానే, మూడు బ్రాంచీల రిపోర్టులు డాక్టర్లకి పంపే చోట, మూడు పనులు ఒకే వరసలో ఇరికించి రాసింది. పనిచేస్తుంది, తప్పు లేదు. చదివేవాడికి మాత్రం తలప్రాణం తోకకి రావాలి. అబ్బ, ఎంత తెలివిగా రాశాను అనుకుంది. ఆ పూటంతా ఆ వరస మీదికి కళ్ళు వెళ్ళినప్పుడల్లా, కొంగున చిల్లర ముడివేసుకున్నట్టు ధైర్యంగా అనిపించింది.

భోజనం చేసి వచ్చి మళ్ళీ చదివింది. తను రాసినదే, వేలు పెట్టి చదవాల్సి వచ్చింది. అందులో ఎక్కడో చిన్న తప్పు ఉందనుకో. ఏడాది తర్వాత బయటపడుతుంది. అప్పుడు తను ఇక్కడ ఉండదు. ఇంకెవరో ఈ వరస ముందు నోరు వెళ్ళబెట్టి కూర్చుంటారు. ఆలోగా ఎక్కడో ఒక కౌంటరు అమ్మాయి కుర్చీ పక్కనే నిలబడి, నెలలు అనే నొక్కానండీ అంటూ ఉంటుంది. చీపురుకి తన మీద తనకి అసహ్యం వేసింది. ఆ వరసని మూడు ముక్కలు చేసి, మూడింటికీ మూడు మామూలు పేర్లు పెట్టి, విడివిడిగా రాసింది. రాశాక భయం వేసింది. కాని చెరిపి మళ్ళీ ముడివేసే బుద్ధి పుట్టలేదు.

ఇక మిగిలింది బాబాయ్ సంగతి. దానికి ఒక దారి ఆలోచించింది. బాబాయ్ కొత్తవి నేర్చుకోలేడన్నది కదా మేనేజరు బాధ? నేర్చుకోగలడని ఆయన కళ్ళెదుటే చూపిస్తే సరి. పనిచేసే మనిషిని ఊరికే పొమ్మంటారా? ఈ ఆలోచన వచ్చాక ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది. వారం మొత్తంలో అదొక్క రాత్రే.

ల్యాబు డాక్టరు ఆఫీసుకి వచ్చిన రోజు మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. తప్పు మాదేనండీ, మీ అమ్మాయిది కాదు, అని టీ కప్పు అందించకముందే చెప్పేశాడు. డాక్టరు ముక్కుతో ఏదో అన్నాడు. కొత్త ప్రోగ్రాము చూశాడు, పద్దెనిమిది నెలల పసివాడి రిపోర్టు మళ్ళీ అచ్చువేయించి చూశాడు. అంకె మామూలు నలుపులో, హద్దుల మధ్య బుద్ధిగా కూర్చుని ఉంది.

"బాగానే ఉంది. మరి నాకొక మార్పు కావాలి," అన్నాడు. "కొత్త యంత్రం కొన్నాం. దానికి పిల్లల హద్దులు వేరు. ఇదివరకు ఇలాంటిది అడిగితే మీరు మూడు బ్రాంచీలకి మూడు సాకులు చెప్పేవాళ్ళు. ఇప్పుడెన్నాళ్ళు?"

మేనేజరు చీపురు వైపు చూశాడు. చీపురు కుర్చీలోంచి లేచి పక్కకి జరిగింది.

"బాబాయ్ చేస్తారండీ."

బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. "నేనా?"

"మీరే. కూర్చోండి."

ఆయన అందరినీ ఒకసారి చూసి కూర్చున్నాడు. కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. మొదటి పేజీ తెరిచాడు. బళ్ళో పాఠం చదివినట్టు పెదాలు కదుపుతూ చదివాడు. "వయసు... హద్దులు... పిల్లల హద్దులు..." ఆగి చీపురుని చూశాడు. ఆమె కావాలనే కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన పట్టిక తెరిచాడు. డాక్టరు ఇచ్చిన అంకెలు రెండు వేళ్ళతో కొట్టాడు. పాత రిపోర్టులతో పోల్చాడు. పిల్లలవి మాత్రమే మారాయి, పెద్దవాళ్ళవి ఒక్కటీ కదల్లేదు. ఒకటి అచ్చువేసి డాక్టరు చేతిలో పెట్టాడు. అప్పటికి డాక్టరు టీ ఇంకా సగమే తాగాడు.

"అయిపోయిందా?" అన్నాడు డాక్టరు.

"అయిపోయింది," అన్నాడు బాబాయ్. ఆయనకే నమ్మకం కుదరలేదు. "మూడు బ్రాంచీలకీ."

చీపురుకి ఛాతీ నిండిపోయింది. మేనేజరు పెన్ను మూత తియ్యడం మానేసి బాబాయ్‌నే చూస్తున్నాడు. తను అనుకున్నదే జరుగుతోంది. డాక్టరు లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఆ అమ్మాయిని రేపట్నించి కౌంటర్లో కూర్చోమంటాను," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

సాయంత్రం మేనేజరు చీపురుని గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఇంత శుభ్రమైన పని ఈ ఆఫీసులో చూడలేదన్నాడు. పొగడ్త పొడుగయ్యేకొద్దీ చీపురుకి లోపల భయం మొదలయింది.

"నీ కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది కదా," అన్నాడు.

"అవునండీ."

"ఆయనది పర్మనెంటు. తియ్యాలంటే సవాలక్ష తంటాలు. నిజం చెప్పాలంటే ఈ వారమంతా నాకదే బెంగ. ఒకరే ఉండాలి, ఆయన్ని ఉంచితే ఇది చెయ్యలేడేమోనని. ఇవాళ నువ్వే చూపించావు, చెయ్యగలడని." ఆయన మూత పెట్టాడు. "పెద్ద బరువు దించావు."

చీపురు కుర్చీ చేతులు పట్టుకుంది. వారం రోజులు బాబాయ్ మీద జాలిపడుతూ తిరిగింది. ఆ జాలంతా ఎవరికోసమో ఇప్పుడు తెలిసింది. సిగ్గు వేసింది. దాని వెనకే ఒళ్ళు మండిపోయింది. చెయ్యలేడండీ, ఇవాళేదో అదృష్టం, మీకు నేను కావాలి అని ఒక్క మాట అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇద్దరం ఉండడానికి లేదా?" అంది.

"ఒకటికి ఒకరని ముందే అన్నాను కదమ్మా."

"అవునండీ. ఆయన బాగా చెయ్యగలరు," అంది చీపురు. లేచి వచ్చేసింది.

బాబాయ్ అప్పటికే విన్నాడు. ఆ ఆఫీసు గోడలు పలచన. ఆమె బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం కందిపోయి ఉంది.

"ముడి ఉంచుకోమన్నానా లేదా?"

"ఉంచాను బాబాయ్. నేనే విప్పేశా."

"నన్నెందుకు కూర్చోబెట్టావు ఆ కుర్చీలో? వెళ్ళి చెప్తానుండు. నాకేమీ అర్థం కాలేదని చెప్తా. గుడ్డిగా కొట్టానని చెప్తా."

ఆయన రెండడుగులు వేశాడు. చీపురు చెయ్యి పట్టుకుని ఆపింది.

"అర్థం కాలేదా బాబాయ్?"

ఆయన మేనేజరు గది తలుపు వైపు చూశాడు, ఆమె తెర వైపు చూశాడు.

"అయింది," అన్నాడు. "మొత్తం అర్థమైంది. నా రాత కూడా నాకు ఇంత బాగా ఎప్పుడూ అర్థం కాలేదు."

నెలాఖరు రెండ్రోజుల్లోనే వచ్చింది. చీపురు సంచి సర్దుకుని ఇంటికి వచ్చేసింది. నాలుగు కంపెనీలకి ఫోన్లు చేసింది. చూస్తామన్నారు. చూస్తామంటే ఏమిటో ఆమెకు తెలుసు. పగలంతా ఇంట్లో ఉండడం అలవాటు లేని మనిషి. గదిలోంచి గదిలోకి తిరిగింది. ఫోను ఎక్కడికి వెళ్తే అక్కడికి తీసుకెళ్ళింది, వంటింట్లోకి, పెరట్లోకి, చివరికి స్నానాలగది గూట్లోకి కూడా. బాబాయ్‌కి ఎక్కడో ఒకచోట ఇరుక్కోక తప్పదు. సందేశాలు పంపే చోట ఆగుతాడేమో, మూడో బ్రాంచి ప్రింటరు దగ్గర ఆగుతాడేమో. ఒక్కోదానికీ జవాబు మనసులో తయారుగా పెట్టుకుంది. ఎలా మొదలుపెట్టాలో, ఏ పేజీ తెరవమనాలో, అంతా. అలా పిలిస్తే ఇంకా తను అక్కడ కొంచెం ఉన్నట్టే. ఆశ అంటే ఇంత చిన్నదని ఆమెకు తెలుసు, అయినా మానుకోలేకపోయింది.

రెండో వారంలో ఒకరోజు బట్టలు మడతపెడుతుంటే ఫోను మోగింది. బాబాయ్. గబగబా మంచం మీద చతికిలబడి, చేతిలో ఉన్న తువ్వాలు పక్కన పడేసి, ఎత్తింది.

"చెప్పండి బాబాయ్, ఎక్కడ ఆగింది?"

"ఎక్కడా ఆగలేదమ్మా. ఊరికే చేశా. తిన్నావా?"

"తిన్నాను. మూడో బ్రాంచి ప్రింటరు..."

"బాగానే ఉంది."

"సందేశాలు?"

"వెళ్తున్నాయి. నిన్న డాక్టరు మళ్ళీ హద్దులు మార్చమన్నాడు. ఈసారి పురిటిబిడ్డలవి. మార్చేశా."

"ఎన్నిచోట్ల మార్చారు?" అంది. అడుగుతూనే జవాబు తెలుసు.

"ఎన్నిచోట్లేంటి?" అన్నాడు బాబాయ్, వింతగా. "ఒక్కచోటే."

ఆ తర్వాత ఆయన కౌంటరు అమ్మాయి సంగతి, ఆఫీసులో కొత్త ఫ్యాను సంగతి చెప్పాడు. ఏదో ఒక ఉద్యోగం గురించి ఎవరినో అడిగానని, వాళ్ళు పిలుస్తారని అన్నాడు. చీపురు ఊ కొట్టింది. ఫోను పెట్టేశాక తువ్వాలు మళ్ళీ తీసుకుని మడతపెట్టింది.

"ఎవరే?" అంది అత్తగారు పక్క గదిలోంచి.

"బాబాయ్."

"పనిలో ఏమన్నా అడిగాడా పాపం?"

చీపురు మడతపెట్టిన తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది.

"లేదత్తయ్యా," అంది. "ఒక్క ముక్క కూడా అడగలేదు."